తెడ్లు ఇచ్చాకే తంతి

కొత్తగా విదేశాంగ ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని మొన్న ఎవరో పిలిచారు. ప్రసంగానికి పేరు కూడా వాళ్లే పెట్టి పంపారు. సమాచార సాంకేతికత, విదేశాంగ విధానం, అంతర్జాతీయ సంబంధాలు, ఇంకా ఏవో ఉన్నాయి అందులో. చదివేసరికే నాకు ఆయాసం వచ్చింది. మా రోజుల్లో దీనంతటికీ తంతి అని చిన్న పేరు ఉండేది.

మోకాళ్లు ఒప్పుకోక నేను వెళ్లలేదు. చెప్పాల్సింది మాత్రం గొంతులోనే ఉండిపోయింది కాబట్టి రాస్తున్నాను. ఏ యేడు నాకు ఏ హోదా వచ్చిందన్నది మీకు అక్కర్లేదు. ఢిల్లీలో విదేశాంగ వ్యవహారాల తంతులు వచ్చిపోయే గదిలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. అయితే ఆ పని అంటే ఏమిటో నాకు బోధపడింది ఢిల్లీకి వెళ్లక ముందే, నెల్లూరు తంతి ఆఫీసులో ఉండగా, ఒక గాలివాన తరువాతి రోజుల్లో.

దొరస్వామి గారి ఆఫీసు

మాది నెల్లూరులో క్రైస్తవుల కుటుంబం. నాన్న మిషన్ ఆసుపత్రిలో మందులు కలిపేవాడు. యాభైల చివర్లో నేను తంతి ఆఫీసులో చేరినప్పుడు యంత్రాల గదిలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. మోర్స్ మీట మీద నా చెయ్యి చురుగ్గా ఆడేది కాబట్టి ఎవరూ పెద్దగా నోరెత్తలేదు. ఎత్తినా ఆ చప్పుడులో నాకు వినపడేది కాదు.

మా ఆఫీసు పెద్ద దొరస్వామి గారు తమిళ సరిహద్దున ఉన్న తడ వైపు మనిషి. మామూలప్పుడు తెలుగు, కోపం వస్తే అరవం, మరీ కోపం వస్తే మౌనం. ఆయనకు రెండే పట్టుదలలు. వచ్చిన తంతి వచ్చినట్టు, వచ్చిన వెంటనే పోవాలి. అందులో ఏముందో గుమ్మం దాటి బయటికి పోకూడదు. బల్ల మీద కాగితం నిలవ ఉంటే ఆయనకు అన్నం సయించేది కాదు.

"మనం రైలు పట్టాలం రత్నమ్మా," అనేవారు. "బండిలో ఏముండాదో పట్టాకెందుకు? పోనీ."

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇప్పటికీ సగం నమ్ముతాను. వేగం అంటే మోజు లేనివాళ్లు ఈ పనికి పనికిరారు, అది ముందే చెబుతున్నాను. మిగతా సగం ఎందుకు నమ్మనో చెప్పడానికే ఇదంతా.

గాలివాన

అరవైల మొదట్లో సంగతి. ఉత్తరాన సరిహద్దు యుద్ధం ముగిసి కొంతకాలమే అయింది. కొత్త మొహం కనిపిస్తే గూఢచారి అనుకునే రోజులు. ఆ చలికాలం మొదట్లో మా తీరం మీద గాలివాన పడింది.

పులికాటు సరస్సు దాటి ఇసుక దిబ్బలు ఎక్కితే అవతల సముద్రపు ఒడ్డున ఒక జాలర్ల పల్లె ఉండేది. ఆ పల్లె పడవ ఒకటి గాలికి కొట్టుకుపోయి, సముద్రం అవతలి దేశం ఒడ్డున తేలింది. అందులో పెంచలయ్య అనే అతనూ, అతని తమ్ముడూ, ఇంకొందరూ ఉన్నారు. తుపాను గాలి ఒక్క దిక్కుకే వీచదు కదా, ఆ దేశపు పడవ ఒకటి వచ్చి సరిగ్గా ఈ పల్లె దగ్గర ఇసుకలో పడింది. అందులో నలుగురు.

ఆ దేశం పేరు రాయను. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి ఆగిపోతుంది. పైగా జరిగిన పొరపాటు వాళ్లది కాదు.

పెంచలయ్య వాళ్లు క్షేమంగా ఉన్నారని, సముద్రం నెమ్మదించాక పంపిస్తామని అవతలి నుంచి తంతి వచ్చింది. అప్పటికే పెంచలయ్య భార్య పోలమ్మ రైలెక్కి నెల్లూరు వచ్చి మా వరండాలో కూర్చుని ఉంది. పక్కన ఆమె తమ్ముడు కోటయ్య. తంతి ఆమె పేరు మీదే వచ్చింది కాబట్టి నేనే బయటికి వెళ్లి చదివి వినిపించాను.

"తిన్నారంటనా?" అని అడిగింది పోలమ్మ.

"తిన్నారనే రాసినారు."

"ఏం తిన్నారో రాయలేదా?"

"అదంతా తంతిలో రాయరమ్మా."

"రాసుంటే బాగుండు," అని లేచి చీర దులుపుకుంది. "మా ఇంటికాడ కూడా నలుగురు తింటుండారులే. వాళ్ల దేశపోళ్లే. నేనే వండి పెడతా వచ్చినాను. కారం తినలేరు పాపం, ఏడస్తారు."

నేను నవ్వాను. ఆమె నవ్వుతూనే రైలుకు పోయింది. అప్పటికి రెండు ఒడ్డుల మీదా అంతా బాగానే ఉంది. రెండు పడవలు తప్పిపోయాయి, రెండు ఊళ్లు అన్నం పెడుతున్నాయి. ఇందులో ప్రభుత్వాలకు పనే లేదు.

మూడు వైపుల నుంచి ఒకే మాట

తరువాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. మీకు వరసగా చెబుతాను.

ఉప్పు కొఠార్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఒకాయన ఆ పల్లె పక్కగా పోతూ ఇసుక దిబ్బ మీద ఆగాడు. కింద కొందరు మనుషులు ఒక కొత్త పడవ నుంచి తెడ్లు, తెరచాప ఊడదీసి మోసుకుపోతున్నారు. పడవ తాలూకు మనుషుల చుట్టూ కర్రలు పట్టుకున్న కుర్రాళ్లు నడుస్తున్నారు. ఆయన దిబ్బ దిగలేదు. దొరవారిసత్రం రైలు స్టేషన్ టీకొట్టుకు వచ్చి, పల్లెవాళ్లు విదేశీ పడవను పట్టుకుని మనుషుల్ని ఖైదు చేశారని టీ తాగుతూ చెప్పాడు.

అక్కడ విన్న పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు పైవాళ్లకు తంతి ఇచ్చాడు. అక్కడే విన్న పట్టాభి అనే విలేఖరి మద్రాసు పత్రికకు తంతి ఇచ్చాడు. పట్టాభి కబురులో ఖైదుతో పాటు 'గూఢచారులన్న అనుమానం' కూడా చేరింది. పత్రికలో వచ్చింది చూసి ఇంకెక్కడో ఒక మూడో దేశపు రేడియో చెప్పింది. ఆ రేడియోను ఢిల్లీలో కూర్చుని వినేవాళ్లు రాసుకున్నారు. ఆ రేడియోనే అవతలి దేశంలోనూ విన్నారు. తమ మనుషుల్ని మనం బంధించామని అనుకుని, అంతదాకా అన్నం పెట్టిన పెంచలయ్య వాళ్లను ఒక గదిలోకి మార్చి కాపలా పెట్టారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

ఇవతల మా పోలీసులు మళ్లీ తంతి ఇచ్చారు. విదేశీ రేడియో కూడా ఈ వార్తను ధ్రువపరిచిందని.

చూడండి ఎంత బాగా తిరిగిందో. ఒక మనిషి టీకొట్టు దగ్గర అన్న మాట ఊళ్లు తిరిగి, దేశాలు తిరిగి, మళ్లీ మా ఆఫీసుకే సాక్షిగా వచ్చింది. పట్టాభి చేర్చిన అనుమానం తప్పిస్తే ఎక్కడా ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందరూ విన్నది విన్నట్టు, చాలా తొందరగా పంపారు.

యంత్రం ఎదురుచూసింది

అప్పటికి మాకు టెలిప్రింటరు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఇక్కడ టైపు చేస్తే మద్రాసు మీదుగా ఢిల్లీలో అచ్చు పడుతుంది, అక్కడి జవాబు ఇక్కడ పడుతుంది. తంతిలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య కాస్త గాలి ఆడేది. ఇందులో ఎదుటివాడు అక్కడే కూర్చుని ఉంటాడు. మీరు ఆలోచిస్తున్నా అతనికి ఆలస్యంగానే కనిపిస్తుంది.

కలెక్టరు గారు తుపాను శిబిరాల్లో ఉన్నారు. ఆయన బదులు సబ్ కలెక్టరు మిశ్రా గారిని యంత్రం దగ్గరికి పిలిపించమని ఢిల్లీ నుంచి కబురు. మిశ్రా గారు ఉత్తరాది మనిషి, వయసులో చిన్నవాడు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు కాబట్టి పుస్తకంలాగే మాట్లాడేవాడు. బంట్రోతులు వెనకాల నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వుకున్నాను, ఆ రోజు దాకా.

యంత్రం నుంచి కాగితం బయటికి వచ్చింది. మూడు వేర్వేరు మార్గాల నుంచి వార్త ధ్రువపడింది, చొరబాటు మీద ఆ దేశానికి ఇవ్వడానికి నిరసన పత్రం సిద్ధంగా ఉంది, జిల్లా నుంచి అవును అంటే చాలు.

మిశ్రా గారు చదివి కుర్చీలో కూర్చున్నారు.

"అవునన్నచో ఏమగునో తెలియునా?" అని నన్నే అడిగారు. నేను తల అడ్డంగా ఊపాను. "మనము వారిని గూఢచారులందుము. వారు మనవారిని గూఢచారులందురు. పత్రము వెళ్లిన పిదప ఎవరును వెనుకకు తగ్గరు. ఆ జాలరులు న్యాయస్థానములో నిలువవలెను. ఎన్ని సంవత్సరములో చెప్పలేము."

వరండాలో చీర దులుపుకుని లేచిన పోలమ్మ కళ్లముందు మెదిలింది. తంతిలో చూసింది చెప్పనని ప్రమాణం చేశాను కానీ, వరండాలో విన్నదానికి ప్రమాణం లేదు. ఆ నలుగురికీ పోలమ్మ వండి పెడుతోందని, వాళ్లు కారానికి ఏడుస్తున్నారని చెప్పేశాను. పెద్ద సాక్ష్యం ఇచ్చాననుకున్నాను.

"మీరు చూచితిరా?" అన్నారాయన.

"లేదండీ. ఆమె చెప్పింది."

"అట్లైన అదియు విన్నదే. మంచి వార్తయైనను విన్నది విన్నదే." అని టెలిఫోను అందుకున్నారు.

సబ్ ఇన్‌స్పెక్టరును ఎవరు చెప్పారని అడిగారు. ఉప్పు ఇన్‌స్పెక్టరన్నాడు. కౌంటరు దగ్గర నిలబడి ఉన్న పట్టాభిని పిలిచి అడిగారు. ఉప్పు ఇన్‌స్పెక్టరే, రేడియో చెప్పిందీ తన పత్రిక వార్తనే అన్నాడు. ఆ ఇన్‌స్పెక్టరు సూళ్లూరుపేటలో దొరికితే ఫోను దగ్గరికి రప్పించి ఏం చూశారని అడిగారు. అతను చూసింది చూసినట్టే చెప్పాడు, తెడ్లు మోసుకుపోవడం, కర్రలు పట్టుకున్న కుర్రాళ్లు. మిశ్రా గారు ఫోను పెట్టేశారు.

"ఆయన చూచినది తెడ్లు. చెప్పినది ఖైదు," అన్నారు.

యంత్రం మళ్లీ కదిలింది. జవాబు ఏది అని. దొరస్వామి గారు చేతులు నలుపుకుంటున్నారు. ఆయన సర్వీసులో ఢిల్లీని ఇంతసేపు కూర్చోబెట్టింది లేదు.

"అయ్యా, లైను పట్టుకోనుండారు. ఏదో ఒకటి చెప్పాల కదా," అన్నారు.

"ఏదో ఒకటి చెప్పుటకు నేను రాలేదు," అని మిశ్రా గారు నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు. నేను టైపు చేశాను. మూడు వార్తలూ ఒక మనిషి మాటే. ఆ మనిషి చూసింది తెడ్లను, ఖైదును కాదు. ఖైదును చూసినవాళ్లు ఎవరూ లేరు. నేనే వెళ్లి చూసి చెబుతాను. అంతవరకు నేను అవునని గానీ కాదని గానీ అనను, పత్రం ఆపమని కోరుతున్నాను.

ఉద్యోగంలో కొత్తగా కుదురుకుంటున్న మనిషి ఢిల్లీకి ఇలా రాయడం అంటే మాటలు కాదు. చాలాసేపటికి జవాబు పడింది. రేపు సాయంత్రం వరకు. తరువాత ఆగేది లేదు.

దొరస్వామి గారు ఏమీ మాట్లాడలేదు. అంటే మరీ కోపం అని నేను భయపడ్డాను. ఆయన బీరువా తెరిచి, రైల్వే తీగకు తగిలించుకుని మోర్స్ కొట్టే చిన్న పెట్టెను తీసి నా ముందు పెట్టారు.

"వాళ్లు చూసేది అక్కడ, తంతి ఇక్కడ అంటే ఎట్ట? దొరవారిసత్రం స్టేషన్లో పెట్టుకో. మగోళ్లంతా తుపాను లైన్ల మీద ఉండారు. నీవే పో."

అప్పుడు తెలిసింది, ఆయన కోపం మిశ్రా గారి మీద కాదు. తన పట్టాల మీదుగా ఏం పోయిందో అని.

పల్లెలో

మరునాడు తెల్లవారగానే నాటు పడవలో సరస్సు దాటాం. నేను స్టేషన్‌లోనే ఉండాల్సింది, మిశ్రా గారు ఒప్పుకోలేదు. "చూచినవారు ఇద్దరుండవలెను. మీరును రండు," అన్నారు. గాలివానకు సరుగుడు తోపులు నేలకు పడి ఉన్నాయి. వాటి మధ్య దారి చేసుకుంటూ పల్లెకు చేరేసరికి ఎండ ఎక్కింది.

ఆ నలుగురూ వలలు పెట్టుకునే పాకలో నీడన కూర్చుని ఉన్నారు. ముందు మజ్జిగన్నం గిన్నెలు. చుట్టూ కర్రలు పట్టుకున్న కుర్రాళ్లు నిజంగానే ఉన్నారు. తెడ్లు, తెరచాప పెద్దకాపు ఇంటి కొట్టంలో ఉన్నాయి. పెద్దకాపు అంటే ఆ పల్లెకు మాట చెప్పే పెద్ద. మిశ్రా గారు అడిగితే ఆయన తాపీగా చెప్పాడు.

"ఇది మా దురాయి సామీ. మా ఊరి కట్టు. గాలికొచ్చి పడినోళ్లకి ఇంటి మీద బెంగ ఉంటాది. సముద్రం తగ్గకముందే తెడ్లు పట్టుకోని పోతారు, చస్తారు. అందుకని తెడ్లు తీసేస్తాం. కుర్రోళ్లని తోడు పెడతాం. అన్నం పెట్టిన ఆడమనిషి సముద్రాన్ని చూసి ఇంక పోవచ్చు అంటే, ఆమె చేత్తోనే తెడ్లు ఇప్పిస్తాం. మా తాతల కాడినుంచి ఇంతే."

మిశ్రా గారు ప్రతి మాటా మళ్లీ చెప్పించుకుని విన్నారు. నలుగురిలో ఒకడికి అరవం వచ్చు. దొరస్వామి గారి కోపాల పుణ్యమా అని నాకూ వచ్చు. అతన్ని పక్కకు పిలిచి అడిగాను. కొట్టలేదు, కట్టలేదు, తిండి బాగా పెడుతున్నారు అన్నాడు. కాస్త ఆగి, నిన్నటి నుంచి మాత్రం కుర్రాళ్లు మాట్లాడటం లేదన్నాడు.

పనైపోయిందని నేను అనుకున్నాను. కాలేదు. పల్లెలో పంచాయతీ రేడియో ఒకటి ఉంది. పెంచలయ్య వాళ్లను అక్కడ గదిలో పెట్టి కాపలా వేశారని ముందురోజు అందులో విన్నారు. నిన్నటి దాకా తోడు నిలబడిన కుర్రాళ్లు ఇప్పుడు నిజంగా కాపలా కాస్తున్నారు. టీకొట్టు దగ్గర పుట్టిన మాట, మేం వచ్చేలోపు నిజం కాబోతోంది.

కోటయ్య కొట్టం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మా బావని పంపిచ్చినాకనే తెడ్లు. అందాకా కలెక్టరొచ్చినా ఇచ్చేది లేదు."

"పోలీసులను పిలువగలను," అన్నారు మిశ్రా గారు నాతో మెల్లగా. "కాని పోలీసులు వచ్చిరన్న వార్త మనకంటె ముందు చేరును."

ఆయన ఆలోచన వేరు. ఆ అరవం వచ్చిన మనిషి తన ఊరికి తానే తంతి ఇవ్వాలి. మా ప్రభుత్వం చెప్పే మాట కంటే, గాలికి కొట్టుకొచ్చిన వాళ్ల మనిషి చెప్పే మాటే అక్కడ చెల్లుతుంది. అయితే అందులో ఏం రాయాలి? అన్నం పెట్టారు, తెడ్లు ఇచ్చేశారు, సముద్రం తగ్గింది, వస్తున్నాం. తెడ్లు ఇవ్వకుండా అలా రాయలేం. ముందు రాసేసి తరువాత ఇప్పిద్దామా అని నేనే అడిగాను. పనిలో తొందర ఎక్కువ కదా నాకు.

"జరిగిన పిదపనే వ్రాయవలెను," అన్నారాయన. ఆ మాట మీదే నిలబడ్డారు.

పోలమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. రెండు రోజుల్లో మొహం పీక్కుపోయింది. సంగతంతా ఆమెకు విడమర్చి చెప్పాను. ఇస్తే పెంచలయ్య వస్తాడని మాట ఇవ్వలేనని కూడా చెప్పాను. అది చెప్పడం ఎంత కష్టమైందో నాకే తెలుసు.

"నీ మిషను మాట అక్కడికి ఎప్పటికి పోతాది తల్లీ?"

"ఇప్పుడు ఇస్తే సాయంత్రానికి."

"మావోళ్లని వదలకపోతే?"

నేను పెద్దకాపు వైపు చూశాను. ఆయన పోలమ్మ వైపే చూపించాడు. దురాయి ప్రకారం తెడ్లు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె మాట.

పోలమ్మ ఒడ్డు దాకా నడిచి వెళ్లింది. అలలను చాలాసేపు చూసింది. మేమంతా ఆమె వీపును చూస్తూ నిలబడ్డాం. తిరిగి వచ్చి నేరుగా కొట్టం ముందుకు పోయింది.

"లెయ్యిరా పక్కకి."

"అక్కా, బావ..."

"నీ బావ నాకేమవుతాడో నాకు తెలుసు. సముద్రం తగ్గినాది. నా చేతి అన్నం తిన్నోళ్ల తెడ్లు నేనియ్యాల. నీ చేతిలో అవి దొంగసొమ్మురా."

కోటయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కకు తప్పుకున్నాడు. ఆమె లోపలికి వెళ్లి తెడ్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి ఆ నలుగురి చేతుల్లో పెట్టింది. ఎవరినీ సాయం రానివ్వలేదు. చివరి తెడ్డు ఇచ్చాక అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు నేను మరిచిపోలేదు.

అరవం వచ్చిన మనిషి ఆమె పాదాల దగ్గర వంగబోతే పెద్దకాపు ఆపాడు. అతను చెప్పిన మాటలు నేను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాను. రాసింది అతనికి చదివి వినిపించాను. 'కారం ఎక్కువ' అని కూడా పెట్టమన్నాడు. తమ ఊళ్లో నమ్మాలంటే అది ఉండాలన్నాడు. పెట్టాను.

మధ్యాహ్నం దాటాక స్టేషన్ చేరి పెట్టె తగిలించాను. ముందు ఢిల్లీకి మిశ్రా గారి తంతి. నేనూ, నాతో వచ్చిన ఆపరేటరూ చూశాం, అని మొదలైంది. ఆ తరువాత ఆ మనిషి తంతి. అది అవతలి దేశానికి అందిందని నెల్లూరు నుంచి దొరస్వామి గారే మోర్స్ కొట్టారు. మీట మీద ఆయన చెయ్యి నాకు చప్పుడు వింటేనే తెలుస్తుంది. ఢిల్లీ నుంచి సాయంత్రం ఒక్క ముక్క వచ్చింది. పత్రం ఇవ్వడం లేదు. మెచ్చుకోలు లేదు. ఆలస్యానికి సంజాయిషీ మాత్రం అడిగారు. మిశ్రా గారు దాన్ని చదివి మొదటిసారి గట్టిగా నవ్వారు.

మీకు చెప్పాల్సింది

తరువాత నేను ఢిల్లీ వెళ్లాను. యంత్రాలు మారుతూ వచ్చాయి. టెలెక్స్, ఫాక్స్, ఆ పైన కంప్యూటర్లు. ప్రతి కొత్త యంత్రం వచ్చినప్పుడూ ఒకే ఉత్సాహం, ఇక మనకు అన్నీ ముందే తెలిసిపోతాయని. ముందే తెలిసిన మాట నిజమే. మనకు తెలిసినంత త్వరగా అవతలివాళ్లకూ తెలిసేది, పత్రికలకూ తెలిసేది. మంత్రి గారు ఏదైనా అనే లోపే ఏమీ అనలేదేమని అడిగేవాళ్లు. పూర్వం రాయబారికి ఉత్తరం అందేలోపు కోపం చల్లారేది. యంత్రం ఆ వ్యవధిని తినేసింది. ఆ వ్యవధిలోనే చాలా యుద్ధాలు ఆగి ఉంటాయని నా నమ్మకం.

నేను పనిచేసిన పెద్దల్లో ఒకాయన ఉండేవాడు. ఎక్కడ ఏం జరిగినా మన ప్రకటనే ముందు రావాలి ఆయనకు. వచ్చేది కూడా. దాన్ని సవరిస్తూ రెండో ప్రకటన కూడా మనదే ముందు వచ్చేది. ఆయనకు మంచి పేరు, మిశ్రా గారికి మాత్రం పెద్ద పేరేమీ రాలేదు. లోకం తీరు అదే అని ఊరుకోను, అది తప్పు.

మీ చేతుల్లో ఇప్పుడు ఇంకా చురుకైన యంత్రాలు ఉన్నాయి. నాకు వాటి మీద కోపం లేదు. ఆ రోజు పోలమ్మ భర్తను ముంచబోయింది తీగే, గట్టెక్కించిందీ ఆ తీగే. ఒక మాట పది చోట్ల నుంచి వచ్చిందని చెబితే మాత్రం, ఆ పదిమందిలో చూసింది ఎవరని అడగండి. చూసినవాడు చూసింది ఏమిటి, చెప్పింది ఏమిటి అని విడదీయండి. మీకు ఇష్టమైన వార్తనైతే ఇంకా గట్టిగా అడగండి. పైవాళ్లు తొందరపెడతారు, సంజాయిషీలు అడుగుతారు. ఇవ్వండి. సంజాయిషీ రాసినందుకు ఎవరూ చావలేదు. చూడకుండా అవునన్నందుకు చచ్చిన వాళ్లున్నారు.

ముందు ఇచ్చింది ఎవరు

ఆ నలుగురి పడవ వెళ్లిపోయాక చాలా రోజులు ఏ కబురూ లేదు. నేను రోజూ యంత్రం చప్పుడుకు ఉలిక్కిపడేదాన్ని. ఆదివారం గుళ్లో మోకరించినా అదే ధ్యాస. నా మాట మీద ఆమె తెడ్లు ఇచ్చింది. పెంచలయ్య రాకపోతే ఆ మొహాన్ని మళ్లీ ఎలా చూడటం అన్నదే నా బాధ.

క్రిస్మస్ దగ్గర పడ్డాక, ఒక ఉదయం వరండాలో ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. పోలమ్మ. పక్కన బక్కచిక్కిన మనిషి. ఎవరని అడగాల్సిన పని లేకపోయింది. నేను యంత్రం వదిలి పరిగెత్తాను. దొరస్వామి గారు వెనక నుంచి అరవంలో ఏదో అన్నారు, తరువాత ఆయనే బయటికి వచ్చారు.

పెంచలయ్య మాటకారి కాదు. అడిగితే మెల్లగా చెప్పాడు.

"మొదట బాగనే చూసినారమ్మా. తరవాత ఏమైందో గదిలో పెట్టేసినారు. ఎందుకో తెలీదు. తమ్ముడు ఇంక చంపేస్తారని ఏడస్తా ఉన్నాడు. ఒకరోజు పొద్దున్నే కాపలావోడు వచ్చి మా తెడ్లు తెచ్చి గోడకానిచ్చి పోయినాడు. ఒక్క మాట చెప్పలేదు. తెడ్లు కనపడినాక ఇంక ఇంటికే అనుకున్నాం."

పోలమ్మ వింటూ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఎవురు ముందిచ్చినారు? మేమా, వాళ్లా?"

నాకు తెలుసు. రెండు వైపుల తంతులూ నా చేతి మీదుగానే పోయాయి.

"నువ్వేనమ్మా ముందిచ్చింది."

ఆమె మొగుడి వైపు ఒకసారి చూసి, మళ్లీ నా వైపు తిరిగింది.

"అయితే అది కూడా తంతి కొట్టు. ఢిల్లీ వోళ్లకి."

దొరస్వామి గారు నవ్వి, అటువంటి తంతి ప్రభుత్వం ఖాతాలో కొట్టడానికి నియమాలు ఒప్పుకోవని చెప్పారు. ఆమె సరేనంది. ఢిల్లీలో ఉన్నన్నాళ్లూ ఆ మాట ఎక్కడా రాయడానికి నాకు వీలు దొరకలేదు. ఇప్పుడు నన్ను అడిగేవాళ్లు లేరు కాబట్టి రాస్తున్నాను. నేను అక్కడే ఉన్నాను, నా కళ్లతో చూశాను. పోలమ్మే ముందు ఇచ్చింది.